ఖరీదైన కార్ల కంపెనీ కొత్త మోడల్‌ని ఎటు పెంచాలి?

(చెన్నై టి.నగర్‌లో, ఆటోమొబైల్ రంగంలో పనిచేస్తున్న తెలుగువాళ్లు, ఇంజినీరింగ్ విద్యార్థులు కలిసిన ఒక ఆదివారం సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

లగ్జరీ కార్ల గురించి మాట్లాడమని మిత్రులు ఫోన్ చేస్తే, "నాకు అలాంటి కారు లేదండీ" అన్నాను. "పర్వాలేదు, వినడానికి వచ్చేవాళ్లకీ లేదు" అన్నారు. (నవ్వులు) కాబట్టి ఈ హాల్లో ఎవరికీ ఎవరి మీదా అసూయ లేదు, హాయిగా మాట్లాడుకోవచ్చు.

నా ఉద్యోగమంతా వైరింగ్ హార్నెస్‌లతోనే గడిచింది. అంటే కారులో తలుపుల్లోంచి, సీట్ల కిందుగా, డ్యాష్‌బోర్డు వెనక పాకే వైర్ల కట్ట. కారు కొన్నవాళ్లు దాన్ని ఎప్పుడూ చూడరు. అది పాడైనప్పుడే దాని పేరు తెలుస్తుంది. కానీ ఒక కంపెనీ కొత్త మోడల్ చేయబోతోందని అందరికన్నా ముందు తెలిసేవాళ్లలో మేమూ ఉంటాం. డ్రాయింగులు మా దగ్గరికి రావాలి కదా. అలా ఎన్నో మోడళ్లు పుట్టడం చూశాను, కొన్ని పోవడమూ చూశాను. అక్కడి నుంచే నా మాటలు.

ప్రశ్న ఇది. పేరున్న ఒక కార్ల కంపెనీకి మూడో నాలుగో మోడళ్లున్నాయి, బాగానే అమ్ముడుపోతున్నాయి. ఇంకో మోడల్ చేద్దామనుకుంది. ఎటు వెళ్లాలి? ఇప్పుడున్న వాటికన్నా ఖరీదైనదా, చవకైనదా, లేక అదే ధరలో వేరే రకం బండా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు పోట్లాడండి. తమ దగ్గర ఇప్పటికే కారు కొన్నవాడు పక్క కంపెనీకి ఇస్తున్న డబ్బు ఎక్కడుందో వెతుక్కున్నవాళ్లు బాగుపడ్డారు. కొత్త కొనుగోలుదారుల కోసం కిందికి దిగినవాళ్లలో చాలామంది దెబ్బ తిన్నారు.

పోర్షేతో మొదలుపెడదాం. 1990ల మొదట్లో ఆ కంపెనీ ఇంచుమించు మునిగిపోయే స్థితికి వచ్చింది. ప్రపంచమంతా కలిపి ఏడాదికి 20 వేల కార్లు కూడా పోవడం లేదు. 1993లో వెండెలిన్ వీడెకింగ్ అనే ఇంజినీరు పగ్గాలు పట్టుకున్నాడు. వృథా తగ్గించే టయోటా ఉత్పత్తి పద్ధతి తెలిసిన జపాన్ నిపుణుల్ని పిలిపించి ఫ్యాక్టరీని కడిగేశాడు. ఆ తర్వాత రెండు మోడళ్లు వచ్చాయి. ఆ రెండిట్లో మనకు కావలసిన పాఠమంతా ఉంది.

మొదటిది 1996లో వచ్చిన బాక్స్‌టర్. రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు, ధర పోర్షేకి పేరు తెచ్చిన స్పోర్ట్స్ కారు 911 కన్నా బాగా తక్కువ. ఖర్చు తగ్గించడానికి వాళ్లు ఏం చేశారంటే, ఆ మరుసటి ఏడాది వచ్చిన కొత్త 911కీ దీనికీ ముందు భాగం ఒకేలా పెట్టారు. బానెట్, ముందు ఫెండర్లు, తలుపులు, హెడ్‌లైట్లు, డ్యాష్‌బోర్డులో చాలా భాగం. ఇంజినీరుగా చూస్తే బ్రహ్మాండమైన పని. ఒక డై మీద, అంటే రేకుని ఆకారంలోకి కొట్టే అచ్చు మీద, రెండు కార్ల ప్యానెళ్లు కొట్టొచ్చు. కంపెనీ బతికింది కూడా దానివల్లే. కానీ 911 కొన్నవాడి బాధ చూడండి. ఎదురుగా వచ్చేవాడికి తన కారు తక్కువ ధర కారులాగే కనిపిస్తోంది! అద్దంలో చూసి దారి ఇచ్చేవాడికి అది ఏ కారో తెలియదు. గుడ్డు అట్టులాగా ఉన్నాయని ఆ హెడ్‌లైట్లను వెక్కిరించారు. 2002 మోడల్‌కి వచ్చేసరికి పోర్షే 911కి హెడ్‌లైట్లు మార్చేసింది. కోట్లు పెట్టి డై చేయించి, మళ్లీ కోట్లు పెట్టి దాన్ని పక్కన పెట్టారు. ఆ లోపల ఇంజిన్‌లో ఎన్ని విడిభాగాలు రెండిటికీ ఉమ్మడిగా ఉన్నాయో ఎవరూ అడగలేదు. గొడవంతా కంటికి కనిపించే లైట్ దగ్గరే వచ్చింది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

రెండోది 2002లో వచ్చిన కయెన్. ఎస్‌యూవీ. పోర్షే అభిమానులు బూతులొక్కటే తక్కువగా తిట్టారు. ఫోక్స్‌వ్యాగన్ టూరెగ్‌తో కలిసి చేసిన బండి, బాడీ స్లొవేకియాలో బ్రాటిస్లావాలో, చివరి బిగింపు జర్మనీలో లైప్‌జిగ్‌లో. "ఇక పోర్షే పని అయిపోయింది" అన్నారు. 2023 లెక్క వినండి. ఆ ఏడాది పోర్షే 3,20,221 కార్లు డెలివరీ చేసింది. అందులో కయెన్, దాని తమ్ముడు మకాన్ కలిపి దాదాపు 1,75,000. సగం పైనే. మరి 911 చచ్చిపోయిందా? 50 వేల పైచిలుకు అమ్ముడుపోయింది. కయెన్ రాకముందు కంపెనీ మొత్తం కలిపి అమ్మినన్ని కార్లు ఇప్పుడు 911 ఒక్కటే అమ్ముతోంది, ఇంచుమించుగా.

ఎందుకు పని చేసింది? 911 ఉన్నవాడి ఇంట్లో పిల్లలుంటారు, సామాను ఉంటుంది, మంచులో వెళ్లాల్సిన ఊళ్లుంటాయి. వాడు రెండో కారుగా బీఎండబ్ల్యూ ఎక్స్5 కొంటున్నాడు, మెర్సిడెస్ ఎంఎల్ కొంటున్నాడు. అంటే వాడి గ్యారేజీలో పోర్షే పక్కన ఇంకో కంపెనీ కారు నిలబడి ఉంది. ఆ రెండో కారు చోటును పోర్షే అడిగింది. ధర తగ్గించలేదు. కొత్తవాడిని బతిమాలలేదు. మొదటి కారు కొన్నవాడు దాన్ని చూసి మొహం చిట్లించుకోవలసిన పని లేదు, ఎందుకంటే ఆ రెండోదీ వాడిదే.

లాంబోర్గినీ ఉరుస్ కథ కూడా ఇదే. 2017 చివర్లో చూపించారు, మరుసటి ఏడాది నుంచి అమ్మకాలు. దాని కింద ఉన్న ప్లాట్‌ఫామ్, అంటే బండి అడుగు నిర్మాణం, ఆడీ క్యూ7కీ, బెంట్లీ బెంటేగాకీ, మన కయెన్‌కీ కింద ఉన్నదే. మన దేశంలో లాంబోర్గినీ ఎక్కువగా అమ్మేది కూడా ఉరుస్‌నే. బెంగళూరులో అపార్ట్‌మెంట్ గేటు ముందు స్పీడ్ బ్రేకర్ ఎంత ఎత్తు ఉంటుందో చూసినవాడికి కారణం చెప్పక్కర్లేదు. ఫెరారీ ఇంకాస్త గర్వంగా వెళ్లింది. 2022లో పురోసాంగ్వే తెచ్చింది, నాలుగు తలుపులు, 12 సిలిండర్ల ఇంజిన్. మొత్తం అమ్మకాల్లో దాన్ని 20 శాతం దాటనివ్వమని తామే గీత గీసుకున్నారు. డిమాండ్ ఉండి కూడా అమ్మం అనడం మన ఆటోమొబైల్ ఉద్యోగులకు వింతగా ఉంటుంది. నెలాఖరు టార్గెట్లతో బతికేవాళ్లం కదా. (నవ్వులు) ఇదే ఫెరారీ 1960ల చివర్లో ఆరు సిలిండర్ల చిన్న కారు చేసినప్పుడు దాని మీద ఫెరారీ పేరే వేయలేదు. ఎంజో ఫెరారీ చనిపోయిన కొడుకు పేరు మీద డీనో అని అమ్మారు. కిందికి దిగేటప్పుడు పేరు ఇంట్లో పెట్టి వెళ్లారు.

ఇప్పుడు కిందికి దిగడం సంగతి.

ఇక్కడ టి.నగర్‌లోనే ఉన్నాం కాబట్టి చెప్తాను. కంచి పట్టుకి పేరుమోసిన షాపు ఒకటి ఉందనుకోండి. నెల్లూరు నుంచి, తిరుపతి నుంచి పెళ్లి చీరలకు అక్కడికే వస్తారు. ఆ షాపువాళ్లు మేలు రకం నూలు చీరలు కూడా పెడితే ఎవరికీ అభ్యంతరం లేదు. పట్టు కొన్నావిడే రోజువారీకి నూలు కొంటుంది. అదే షాపు, అదే పేరుతో, అదే అట్టపెట్టెలో, నకిలీ జరీ చీర పదో వంతు ధరకి అమ్మిందనుకోండి. కొత్తవాళ్లు బోలెడంత మంది వస్తారు. కానీ లక్ష పెట్టి అసలు జరీ చీర కట్టుకున్నావిడ పెళ్లిలో "ఇది ఫలానా షాపులో కొన్నాను" అని గొప్పగా చెప్పుకోలేదు. వచ్చే పెళ్లికి ఇంకో షాపుకి వెళ్తుంది. నష్టం ఆ ఏడాది లెక్కల్లో కనపడదు, అదే ప్రమాదం.

జాగ్వార్ ఎక్స్-టైప్ అలాంటిదే. 2001లో, ఫోర్డ్ చేతిలో ఉన్నప్పుడు వచ్చింది. కింద ఫోర్డ్ మాండియో ప్లాట్‌ఫామ్. ఏడాదికి లక్ష అమ్మాలని లెక్కలు వేసుకున్నారు. నిజం చెప్పాలంటే అది మరీ చెడ్డ కారేం కాదు, జాగ్వార్‌లో మిగతా మోడళ్లకన్నా ఎక్కువే పోయింది. కానీ అనుకున్న లక్ష ఒక్క ఏడాదీ చేరలేదు. 2009లో ఆపేసే నాటికి మొత్తం కలిపి మూడున్నర లక్షల దగ్గర ఆగింది. ఈలోగా 2008లో ఫోర్డ్ జాగ్వార్‌నీ లాండ్ రోవర్‌నీ కలిపి 230 కోట్ల డాలర్లకు టాటాలకు అమ్మేసుకుంది.

ఆస్టన్ మార్టిన్ సిగ్నెట్ గురించి వింటే నవ్వొస్తుంది. టయోటా ఐక్యూ అని ఒక బుల్లి కారు ఉండేది, మన ఆల్టో కన్నా పొట్టి. యూరప్ నియమాల కోసం కంపెనీ కార్లన్నిటి సగటు కాలుష్యం తగ్గాలని, ఆ బుల్లి కారుకే ఆస్టన్ గ్రిల్ తగిలించి, లోపల తోలు కుట్టి, దాదాపు మూడింతల ధరకు పెట్టారు. ఏడాదికి 4,000 అమ్ముదామనుకున్నారు. 2011లో మొదలై 2013లో మూతపడింది. అనుకున్నదాంట్లో ఆవగింజంత కూడా పోలేదు. అదే ఆస్టన్ 2020లో డీబీఎక్స్ అనే ఎస్‌యూవీ తెస్తే అమ్మకాలకు అది ప్రాణం పోసింది. అంటే రెండోసారి కిందికి దిగలేదు, వేరే రకం బండితో పక్కకి వెళ్లారు.

"మరి మెర్సిడెస్ కిందికి దిగి బాగుపడలేదా?" అని ముందు వరసలో ఒకాయన ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తి ఉన్నారు. మంచి ప్రశ్నండీ. 1982లో 190 అని చిన్న మెర్సిడెస్ వచ్చింది, బేబీ బెంజ్ అనేవారు. అది గెలిచింది. ఎందుకంటే ఆ చిన్న కారుకి వాళ్లు వెనక చక్రాలకు ఐదు లింకుల కొత్త సస్పెన్షన్ చేశారు. అప్పటికి వాళ్ల పెద్ద సెడాన్లకే అది లేదు. రెండేళ్ల తర్వాత డబ్ల్యూ124 అనే పెద్ద సెడాన్‌కి ఆ సస్పెన్షన్ వెళ్లింది. ఆ డబ్ల్యూ124నే 1995లో పుణెలో బిగించి మన దేశంలో అమ్మారు. అంటే చిన్న కారుకి పెద్ద కారు మిగులు పెట్టలేదు, కొత్తది వండి ముందు చిన్నదానికి వడ్డించారు. అలా చేయగలిగితే దిగండి, ఎవరు కాదంటారు?

1997లో వచ్చిన ఏ-క్లాస్ అంత అదృష్టవంతురాలు కాదు. స్వీడన్‌లో ఒక పత్రికవాళ్లు దుప్పి అడ్డొచ్చినట్టు ఊహించుకుని పక్కకి తిప్పే పరీక్ష చేస్తే బోల్తా పడింది. అమ్మకాలు ఆపి, కారు అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్‌ని అన్ని కార్లకూ ఉచితంగా పెట్టి పరువు నిలబెట్టుకున్నారు. అదే మెర్సిడెస్ 2022లో, చిన్న కార్లలో ఏడు రకాలున్న చోట నాలుగే ఉంచుతామని, పెట్టుబడి పై తరగతి కార్లకే ఎక్కువ పెడతామని ప్రకటించింది. మన దేశంలో 2024లో వాళ్లు అమ్మిన 19,565 కార్లలో నాలుగో వంతు పై తరగతివే.

సరే, నా వైర్ల దగ్గరికి వస్తాను. ఈ భాగం కాస్త పొడుగవుతుంది, ఓర్చుకోండి.

కొత్త మోడల్ అనగానే మార్కెటింగ్ వాళ్లకు కొత్త అమ్మకాలు కనిపిస్తాయి. ఫ్యాక్టరీకి కనిపించేది కొత్త పార్ట్ నంబర్లు. లగ్జరీ కారులో వైరు కిలోమీటర్ల పొడవుంటుంది. సీటుకి చల్లగాలి ఉంటే ఒక వైరు, లేకపోతే లేదు. సన్‌రూఫ్ ఉంటే ఇంకొకటి. మసాజ్ సీటు, వెనక స్క్రీన్, చుట్టూ కెమెరాలు, మంచి స్పీకర్లు. అలాంటివి పది ఆప్షన్లు, ఒక్కోటీ ఉందా లేదా అనే రెండు జవాబులే ఉన్నాయనుకోండి. ఎన్ని రకాల హార్నెస్‌లు కావాలి? విద్యార్థులు చెప్పండి.

(ఒకరు: "వెయ్యి ఇరవై నాలుగు సర్")

శభాష్. పది ఆప్షన్లకే 1,024. మోడల్ ఇంకొకటి కలిపితే ఆ లెక్క మళ్లీ మొదలు. జర్మన్ కంపెనీలు దీన్ని ఎలా దాటాయంటే, ప్రతి కారుకీ దాని ఆర్డర్ ప్రకారం విడిగా హార్నెస్ కట్టిస్తారు. ఏ కారు ఎప్పుడు లైన్ మీదకి వస్తుందో ఆ వరస ప్రకారం హార్నెస్ వచ్చి పక్కన నిలబడాలి. ఒక్కటి అటూ ఇటూ అయితే లైన్ ఆగుతుంది, సరఫరాదారుడికి టెన్షన్ మొదలవుతుంది. అక్కడ ఏడాదికి లక్షల కార్లు కాబట్టి ఆ ఏర్పాటు గిట్టుబాటవుతుంది. మన దేశంలో ఒక లగ్జరీ మోడల్ ఏడాదికి రెండు మూడు వేలు పోతే పండగ. అందుకే ఇక్కడ షోరూమ్‌కి వెళ్తే జర్మనీలోలా పేజీల కొద్దీ ఆప్షన్ల జాబితా ఉండదు. రెండు వేరియంట్లు, మహా అయితే మూడు, అన్నీ కలిపేసిన ప్యాకేజీ. "ఇండియావాళ్లకు అన్నీ కావాలి కాబట్టి అన్నీ ఇచ్చేశాం" అని ప్రకటనల్లో చెప్తారు. అందులో కొంత నిజం, కొంత హార్నెస్. (నవ్వులు)

కాబట్టి మోడళ్లు పెంచాలంటే ఏదో ఒకటి ఉమ్మడిగా వాడుకోక తప్పదు. ఏది? బాక్స్‌టర్ హెడ్‌లైట్ చెప్పిన జవాబే నా జవాబు. ఫ్లోర్, సస్పెన్షన్ బిగింపు చోట్లు, ఏసీ పెట్టె, ఎలక్ట్రానిక్ బాక్సులు, మా వైర్లు, ఇవన్నీ పంచుకోండి, ఎవరికీ తెలియదు. కంటికి, చెవికి, వేలికి తగిలేవి పంచుకోకండి. తలుపు పడిన చప్పుడు, ఇండికేటర్ కాడ నొక్కితే వచ్చే టిక్ శబ్దం, కిటికీ స్విచ్, స్టీరింగ్ తోలు. కోటి రూపాయల కారులో కూర్చున్నవాడు పాతిక లక్షల కారులో చూసిన స్విచ్‌నే మళ్లీ చూశాడంటే, మీరు కింద అల్యూమినియం సస్పెన్షన్ పెట్టి ఏం లాభం? ఆ స్విచ్ విడిగా చేయించడానికి అయ్యే ఖర్చు కారు ధరలో లెక్కలోకి రాదు. అయినా కొనుగోలు విభాగం మొదట కోసేది అక్కడే. ఈ విషయంలో నాకు కొంచెం కోపం ఉంది, దాచుకోను.

పైకి వెళ్లడం గురించి చెన్నైలో నిలబడి మాట్లాడుతూ స్టాండర్డ్ 2000 పేరెత్తకపోతే తప్పు. పెద్దవాళ్లకు గుర్తుంటుంది. పెరుంగళత్తూరులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఫ్యాక్టరీ ఉండేది, హెరాల్డ్, గెజెల్ అక్కడివే. 1985లో వాళ్లు బ్రిటన్ రోవర్ ఎస్‌డీ1 ఆకారాన్ని తెచ్చి లగ్జరీ కారు చేశారు. చూడ్డానికి ఎంత అందంగా ఉండేదో! అంబాసిడర్లూ పద్మినీలూ తిరిగే మౌంట్ రోడ్డు మీద అది వెళ్తుంటే తలలు తిరిగేవి. బానెట్ ఎత్తితే పాత వాన్‌గార్డ్ కారు కాలం నాటి రెండు లీటర్ల ఇంజిన్. అంత బరువు బాడీని అది లాగలేకపోయేది, పెట్రోలు తాగేది. 1988కి ఉత్పత్తి ఆగిపోయింది. ఒంటి మీద కోటు కొత్తది, గుండె పాతది.

ఫోక్స్‌వ్యాగన్‌ది దీనికి తలకిందులు. 2002లో ఫేటాన్ అని ఖరీదైన కారు చేసింది, అద్దాల ఫ్యాక్టరీ కట్టి డ్రెస్డెన్‌లో బిగించింది. కారులో ఏ లోపమూ లేదు. ముందున్న బ్యాడ్జీ మాత్రం వాళ్ల మామూలు కార్లు పోలోకీ గోల్ఫ్‌కీ ఉన్నదే. 2016లో ఆపేశారు. మెర్సిడెస్ అదే 2002లో మేబాక్ పేరుని తిరిగి లేపి, 57, 62 అని కారు పొడవునే పేరుగా పెట్టి పదేళ్లు అమ్మింది. సుమారు 3,000 పోయాయి. నష్టం. తర్వాత అదే పేరుని ఎస్-క్లాస్ మీద పెట్టి మెర్సిడెస్-మేబాక్ చేస్తే ఇప్పుడు పరుగులు పెడుతోంది, మన హైదరాబాద్‌లో ఎన్ని తిరుగుతున్నాయో మీకే తెలుసు. టయోటా ఒక్కటే ఇందులో తెలివిగా చేసింది. 1989లో లెక్సస్ అని వేరే పేరు, వేరే షోరూమ్, వేరే మర్యాద. ఇవాళ బెంగళూరు పక్కన బిడదిలో, ఇన్నోవా తయారయ్యే ఆవరణలోనే, 2020 నుంచి లెక్సస్ ఈఎస్ బిగిస్తున్నారు. కొనేవాడికి ఆ రెండూ ఒకే గేటు లోంచి బయటికొస్తాయన్న సంగతి పట్టదు.

ఇక మన దేశం సంగతి. జర్మనీలో బోర్డు రూమ్‌లో కూర్చుని ఏ మోడల్ చేయాలో నిర్ణయిస్తారు. ఇక్కడ ఏ మోడల్ అమ్మాలో నిర్ణయించేది కస్టమ్స్ సుంకం. విదేశంలో పూర్తిగా తయారై ఓడ దిగే ఖరీదైన కారు మీద అంతా కలిపి 110 శాతం. విడిభాగాలుగా తెచ్చి ఇక్కడ బిగిస్తే దాదాపు 15 శాతం. దాని మీద పెద్ద కార్లకు 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జీఎస్టీ. నోటి లెక్క వేద్దాం. ఓడ దిగేటప్పుడు 50 లక్షల కారు. సుంకంతో కోటీ ఐదు లక్షలు. జీఎస్టీతో కోటీ నలభై ఏడు లక్షలు. అదే విలువ విడిభాగాలుగా వస్తే 57.5 లక్షలు, జీఎస్టీతో 80.5 లక్షలు. ఇక్కడ బిగించే కూలీ, డీలర్ వాటా, రోడ్ టాక్స్ కలపలేదు. అయినా తేడా చూశారా? ఒక మోడల్ లైనప్‌లో పై మెట్టు మీద ఉంటుందా, మధ్య మెట్టు మీద ఉంటుందా అన్నది చెంగల్పట్టు దగ్గర దాన్ని బిగిస్తారా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది.

ఇంజిన్, గేర్‌బాక్స్ ముందే బిగించి తెస్తే సుంకం ఎక్కువ. అందుకే 2015లో చెంగల్పట్టు దగ్గరి మహీంద్రా వరల్డ్ సిటీ పారిశ్రామిక వాడలోనే ఫోర్స్ మోటార్స్ వాళ్లు బీఎండబ్ల్యూ ఇంజిన్లు బిగించే ఫ్యాక్టరీ పెట్టారు. 2007లో మొదలైన బీఎండబ్ల్యూ ప్లాంటుకి ఇది కూతవేటు దూరం. 2015లోనే ఆ ప్లాంటులో సచిన్ టెండూల్కర్ చేత ఒక కారుకి భాగాలు బిగింపజేశారు, స్థానిక భాగాలు 50 శాతం దాకా పెరిగాయని చెప్పడానికి. (నవ్వులు) రేంజ్ రోవర్ అయితే ఐదు దశాబ్దాలుగా ప్రధానంగా ఇంగ్లండ్‌లోనే తయారైంది. 2024లో పుణెలో బిగించడం మొదలుపెట్టగానే ధర ఒక్కసారిగా దిగింది, బుకింగులు పెరిగాయి. అదే కారు, అదే పేరు, చవక రకం కాదు. ఒక బ్రాండ్ పరువు పోకుండా కిందికి దిగగలిగే దారి మన దేశంలో ఇదొక్కటే అనిపిస్తుంది నాకు.

రెండో సంగతి వెనక సీటు. ఇక్కడ యజమాని డ్రైవ్ చేయడు, వెనక కూర్చుంటాడు. 2017లో మెర్సిడెస్ ఈ-క్లాస్‌ని చైనా కోసం చేసిన పొడుగు వీల్‌బేస్‌తో, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం పెంచి, ఇక్కడికి తెచ్చింది, స్టీరింగ్‌ని కుడివైపుకి మార్చి. అది వాళ్లకు ఇక్కడ బాగా అమ్ముడుపోయే కారైంది. బీఎండబ్ల్యూ కొంచెం ఆలస్యంగా మేలుకుంది. 2021లో పొడుగు 3 సిరీస్, 2024లో పొడుగు 5 సిరీస్, 2025 జనవరిలో పొడుగు ఐఎక్స్1. కొత్త మోడల్ అక్కర్లేదు, ఉన్న మోడల్‌కి వెనక నాలుగంగుళాలు చాలు. ఇది కూడా పక్కకి వెళ్లడమే.

ప్రశ్నలు అడగండి ఇక.

(ఒక ఇంజినీరు: "సర్, ఎలక్ట్రిక్ వచ్చాక ఈ లెక్కలన్నీ మారిపోలేదా?")

కొన్ని మారాయమ్మా. ఎలక్ట్రిక్‌కి జీఎస్టీ 5 శాతమే. అందుకే చెన్నైలో తయారయ్యే ఆ ఐఎక్స్1ని 49 లక్షలకు పెట్టగలిగారు, పెట్రోలు ఎక్స్1తో సమానంగా. అక్కడ ఎలక్ట్రిక్ అన్నది వేరే మోడల్ కాదు, అదే మెట్టు మీద ఇంకో తలుపు. పోర్షే దీంట్లో తడబడింది చూడండి. మకాన్ కొత్త తరాన్ని ఎలక్ట్రిక్‌గా మాత్రమే చేసింది. సైబర్ భద్రత నియమాల వల్ల పాత పెట్రోలు మకాన్‌ని యూరప్‌లో 2024లో ఆపాల్సి వచ్చింది. ఎక్కువ అమ్ముడుపోయే కారుకి పెట్రోలు దారి మూసుకుపోయింది. 2025 సెప్టెంబరులో వెనక్కి తిరిగారు. కయెన్ పైన రాబోయే పెద్ద ఎస్‌యూవీని మొదట పెట్రోలు, హైబ్రిడ్‌గానే తెస్తామన్నారు. పాత కొనుగోలుదారుడిని చేయి పట్టుకుని తీసుకెళ్లాలి, మెడ పట్టుకుని కాదు.

(మరొకరు: "జాగ్వార్ ఇప్పుడు చేస్తున్నది రైటేనా?")

పాత మోడళ్లన్నీ ఆపేసి, తక్కువ కార్లు, ఎక్కువ ధర, ఎలక్ట్రిక్ మాత్రమే అంటున్నారు. 2024 డిసెంబరులో మయామిలో టైప్ 00 అని నమూనా చూపించారు. ఎక్స్-టైప్‌తో కిందికి దిగి కాలు విరిగింది కాబట్టి ఇప్పుడు ఒకేసారి మేడ ఎక్కేస్తామంటున్నారు. కారు బాగుండొచ్చు. కానీ ఇవాళ జాగ్వార్ ఉన్నవాడిని మధ్యలో కొన్నాళ్లు షోరూమ్‌లో ఏమీ లేకుండా ఉంచారు. వాడు అప్పటిదాకా ఆగుతాడని నేననుకోను.

(చివరి వరసలోంచి: "మీకు అధికారం ఇస్తే మన దేశంలో ఏ మోడల్ చేస్తారు సర్?")

వ్యాన్ చేస్తాను బాబూ. నవ్వకండి. టయోటా వెల్‌ఫైర్ చూడండి, జపాన్ నుంచి పూర్తిగా తయారై వస్తుంది, 2023లో కోటీ ఇరవై లక్షలకు పెట్టారు. అయినా సినిమావాళ్లు, రాజకీయ నాయకులు ఎగబడ్డారు. దాని మీద లెక్సస్ ఎల్ఎం 2024లో రెండు కోట్లకు వచ్చింది. ఎంజీ 2025లో ఎం9 ఎలక్ట్రిక్‌ని 70 లక్షల దగ్గర, అదీ తన మామూలు షోరూముల్లో కాకుండా విడిగా పెట్టిన చోట అమ్ముతోంది. వీళ్లంతా ఎవరి ఇంట్లోకి వెళ్తున్నారు? మెర్సిడెస్ ఎస్-క్లాసో బీఎండబ్ల్యూ 7 సిరీసో ఉన్నవాడి ఇంట్లోకే. వాడు షూటింగ్‌కో, తిరుపతి దర్శనానికో అమ్మానాన్నలతో కలిసి వెళ్లాలంటే సెడాన్ సరిపోదు. కయెన్ అడిగిన ఆ రెండో కారు చోటే ఇది. బీఎండబ్ల్యూ లాంటి కంపెనీ చెన్నైలో బిగించి కోటిలోపు ఒక వ్యాన్ పెడితే, నా లెక్కలో, వచ్చే ఎస్‌యూవీ కన్నా అదే ఎక్కువ లాభం తెస్తుంది. చేయరు. స్పోర్ట్స్ కార్ల కంపెనీ వ్యాన్ చేస్తే నవ్వుతారని వాళ్ల భయం. ఎస్‌యూవీ గురించీ ఒకప్పుడు అదే అన్నారు. అంతవరకు మన హీరోలు వెల్‌ఫైర్ వెయిటింగ్ లిస్టులోనే ఉంటారు.